ఐదు సెంట్ల పెర్మాకల్చర్: బియ్యం రాదు, వేసవి కూర వస్తుంది

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల ఈమధ్య ఊరి చివర ఐదారు సెంట్ల జాగా కొని పెర్మాకల్చర్ తోట, అంటే చెట్లూ తీగలూ దుంపలూ కలిపి అడవిలా దానంతటది నిలిచేలా అల్లే తోట, వేసేవాళ్లు పెరిగారు. కాశీనగర్ దారిలో, గుణుపురం శివార్లలో, రాయగడలో కూడా కనిపిస్తున్నారు. రిటైరైన మాస్టార్లు కొందరు, ఇంటి నుంచే బెంగళూరు ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు కొందరు. ఎవరిని కదిపినా దాదాపు ఒకటే మాట: "మూడేళ్లు ఓపిక పడితే చాలండి, ఆ తర్వాత తోటే మనల్ని చూసుకుంటుంది." దున్నక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు, నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు. ఈ నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో ముందే విడదీసి చూసుకోకపోతే రెండో వేసవికి తోట వయ్యారిభామ కలుపు పాలవుతుంది, యజమాని మళ్లీ సంతకు పోతాడు.

పెర్మాకల్చర్ అనే పద్ధతికి 1970లలో రూపం ఇచ్చింది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్. అది చల్లటి ప్రాంతం. తెలుగు నేలకు ఇది కొత్తేమీ కాదు. జహీరాబాద్ ప్రాంతంలో 1980ల చివరి నుంచే ఈ పని నడుస్తోంది, 2017లో అంతర్జాతీయ పెర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లోనే జరిగింది. అయినా మన ఫోన్లలోకి వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం చలిదేశాలవి, లేదా కోర్సులు నడిపే పెద్ద క్షేత్రాలవి. అలాంటి క్షేత్రానికి ఫీజుల ఆదాయం ఉంటుంది, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతిపని కూడా కలిసొస్తుంది. మన ఐదు సెంట్లలో ఆ రెండూ ఉండవు. ఆ తోట బాగుందంటే అబద్ధమని నేననను. ఆ లెక్కలో మన లెక్క ఇమడదంటాను, అంతే.

ముందు తిండి లెక్క. ఐదు సెంట్లంటే, పట్టాలో ఐదు డెసిమల్ అని రాసి ఉంటుంది, దాదాపు 202 చదరపు మీటర్లు. ఎకరాకు 20 క్వింటాళ్ల వడ్లు పండే మంచి పొలమైతే ఐదు సెంట్లకు ఒక క్వింటా. మరపట్టిస్తే 65 కిలోల బియ్యం. మన ఇళ్లలో నలుగురికి నెలకు 40 కిలోలు లేందే గడవదు కదా, అంటే జాగా మొత్తం ఒక్క అంగుళం వదలకుండా వరి వేసినా నెలన్నర తిండి. అదే జాగాలో వేరుశనగ వేసి గానుగ ఆడిస్తే వచ్చే నూనె అటూ ఇటూ పది లీటర్లు. కాబట్టి "ఇంటి తిండంతా తోట నుంచే" అన్న మాట మొదటి రోజే పక్కన పెట్టేయాలి. బియ్యం, పప్పు, నూనె కొట్లోంచే వస్తాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సవర గిరిజనుల కొండల్లో రాతి గట్లు కట్టి మెట్టు మెట్టుగా పొలాలు తీర్చినవాళ్లు, పోడులో సామ, చోడి, కంది, జొన్న, ఆముదం కలిపి చల్లేవాళ్లు మనకన్నా ఎన్నో తరాల ముందు నుంచి ఈ మిశ్రమ సాగు చేస్తున్నారు. వాళ్లకు ఎకరాల లెక్కన కొండవాలు ఉంది, ఊరంతా కలిసి చేసే పని ఉంది. అయినా ఉప్పుకీ నూనెకీ వారపు సంతకు దిగుతూనే ఉంటారు.

కూరగాయల లెక్క కాస్త ఊరటనిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. నలుగురికి కిలో ఆరు వందల గ్రాములు, ఏడాదికి సుమారు 580 కిలోలు. హెక్టారుకు పది టన్నుల బెండ పండిందంటే చదరపు మీటరుకు ఒక కిలో పడినట్టు. ఏడాదికి రెండు, రెండున్నర పంటలు తీయగలిగి, దారులూ చెట్లూ పోను వంద చదరపు మీటర్ల మడులు మిగిలితే, చేయి తిరిగిన మనిషికి 200 నుంచి 250 కిలోలు. అంటే ఇంటి కూరగాయల్లో మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా. మొదటి ఏడు ఇందులోనూ సగం వస్తే సంతోషించాలి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ 200 కిలోలు ఏడాదంతా సమంగా రావు. ఆగస్టులో తోటకూర, బచ్చలి, గోంగూర, ఆనప ఎవరి దొడ్డిలో చూసినా ఉంటాయి, పక్కింటికి ఇద్దామన్నా తీసుకోరు. డిసెంబరు, జనవరిలో చిక్కుడు, వంగ, టమాటా విరగకాస్తాయి, సంతలోనూ అప్పుడే చవక. నాటు చిక్కుడు పగటి పొద్దు కురచబడితేగానీ పూత పట్టదు, అందుకని జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా కాపు చలికాలానికే. ఏప్రిల్ వచ్చేసరికి మడులు ఎండిపోతాయి. మే నెలలో సంతలో బీన్స్ ధర అడగాలంటేనే టెన్షన్. తోట దగ్గర "మొత్తం ఎంత పండింది" అని అడిగేవాళ్లు ఎక్కువ. "మే నెలలో ఏం కోశారు" అని అడిగితే ఆ తోట సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మడులు పడుకున్న ఆ మూడు నెలల్లో కూర ఇవ్వగలిగేవి ఏళ్ల తరబడి బతికే చెట్లూ, ముందే దాచుకున్న కాయా దుంపా మాత్రమే: మునగకాయ, పనసపొట్టు, పచ్చిమామిడి, చింతచిగురు, అటకమీద దాచిన గుమ్మడికాయ, తవ్వి నిలవ పెట్టిన కంద. పెర్మాకల్చర్ మన ప్రాంతానికి నిజంగా పనికొచ్చే చోటు ఇదేనని నా అభిప్రాయం. ఏడాది పొడవునా కూర అని కలగనేకంటే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూర కొనకుండా గడపాలని లక్ష్యం పెట్టుకుంటే తోట రూపమే మారిపోతుంది.

నీళ్ల మాట. గజపతి, రాయగడ జిల్లాల్లో ఏడాదికి 1,300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ఆ లెక్కన మన ఐదు సెంట్ల మీద ఏటా రెండున్నర లక్షల లీటర్లు కురుస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే వచ్చి వంశధారలోకో, మహేంద్రతనయలోకో వెళ్లిపోతుంది. నేలలో కొంత ఇంకించవచ్చు. అయితే ఎర్ర కంకర నేల ఆ తేమను మే దాకా మడి మొక్కల వేళ్ల లోతులో పట్టి ఉంచదు. ఏప్రిల్, మే ఎండల్లో కూరగాయ మడికి చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. వంద చదరపు మీటర్లకు ఐదు వందల లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బకెట్లు ముప్ఫైకి పైనే. ఆకుచెత్త కప్పితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే వేసవిలో మడుల్లో పావు వంతు మాత్రం ఉంచుకుని మిగతావి కప్పి పడుకోబెట్టడం తెలివైన పని. స్నానాల గది, గిన్నెలు తోమే చోటు నుంచి వచ్చే నీళ్లు మూడు నాలుగు అరటి పిలకలకూ ఒక బొప్పాయికీ సరిపోతాయి. దానికి మించి ఆశపడొద్దు.

ఇక మట్టి. జనం ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే, కనుక కాస్త నిదానంగా చూద్దాం.

"నేల కనపడకుండా అర అడుగు మల్చింగ్ వేయండి" అంటారు. వంద చదరపు మీటర్ల మీద పది సెంటీమీటర్లు కప్పాలన్నా పది ఘనపు మీటర్ల ఆకు, గడ్డి కావాలి. ట్రాక్టర్ ట్రాలీలు మూడో నాలుగో. చలిదేశంలో ఒకసారి వేసిన కప్పు రెండేళ్లు ఉండొచ్చు. మన ఎండకీ వానకీ, పైగా చెదకీ, జూన్‌లో వేసింది దీపావళి నాటికి పలచబడిపోతుంది. అంటే ఏటా మళ్లీ తేవాలి. ఎక్కడి నుంచి? వరిగడ్డి పశువుల మేత, జీడితోట ఆకు జీడితోటకే ఎరువు, కొండమీద ఆకు కొండది. బయటి నుంచి ఎప్పటికీ తెచ్చి పోసే తోటను స్వయంసమృద్ధం అనడం నాకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. కంచె పొడవునా గ్లైరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు వేసి ఏడాదికి మూడు నాలుగు సార్లు కొట్టి మడుల మీద పరుచుకోవడం దీనికి దారి. అది కొట్టుకోవడానికి తగినంత పెరగాలంటే రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ చెత్త కొనక తప్పదు.

ఇంకో చిక్కు ఉంది. ఎండుగడ్డినీ ఎండాకునూ మట్టిలో కలిపి తవ్వేస్తే నెల తిరిగేసరికి మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి. వరిగడ్డిలో కర్బనం నత్రజనికి ఎనభై రెట్ల దాకా ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ముప్ఫైకి ఒకటి పాళ్లలో కావాలి. తక్కువపడ్డ నత్రజనిని అవి మట్టిలోంచే లాగేస్తాయి, మొక్కకు మిగలదు. గడ్డిని పైన పరిస్తే ఈ బాధ తక్కువ. కలపాల్సి వస్తే బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) తోడు ఉండాలి. "ఎరువు లేకుండా ప్రకృతే చూసుకుంటుంది" అని గత్తం మానేసిన తోటలు మొదటి రెండేళ్లూ గిడసబారి ఉంటాయి. కనీసం అప్పటిదాకా గత్తం బండి మీద పిసినారితనం పనికిరాదు.

పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయన్న మాట నిజమే. అయితే అది దానంతటది జరిగిపోదు. ఒడిశా సాగునేలల్లో చాలా భాగం ఆమ్ల నేలలు. మన ఎర్ర, కంకర నేలలూ అంతే. పులుపు ఎక్కువైతే వేరుబుడిపెల బాక్టీరియా సరిగా పని చేయదు, భాస్వరం కూడా ఇనుము, అల్యూమినియంతో ముడిపడి మొక్కకు అందదు. దీన్ని తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. విత్తిన నలభై రోజులకు ఒక బొబ్బర మొక్కను, లాగకుండా, మట్టితో సహా గునపంతో పెకలించండి. వేళ్లను బకెట్ నీళ్లలో మెల్లగా జాడించండి. ఆవగింజంత, మిరియమంత బుడిపెలు కనపడతాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు, గులాబీ రంగు ఉంటే నత్రజని పని జరుగుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టే. అసలు బుడిపెలే లేకపోతే మట్టిని పరీక్షకు ఇవ్వండి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దారి చెబుతారు. ఉదజని సూచిక (pH) ఐదున్నరకు కిందుంటే సున్నం వేయక తప్పదు. ఎంత వేయాలో ఆ రిపోర్టు చూసే నిర్ణయించాలి. సున్నం వేయడం పెర్మాకల్చర్‌కు విరుద్ధమని వాదించేవాళ్లు ఎదురైతే వాళ్లకు ఆ తెల్ల బుడిపె చూపించండి.

కలుపు విషయంలో వీడియో మాట సగమే నమ్మాలి. అట్టపెట్టెలు పరిచి పైన గడ్డి వేస్తే వయ్యారిభామ లాంటి విత్తనపు కలుపు నిజంగానే అణుగుతుంది. తుంగ అణగదు. దాని దుంప నేల లోపల ఉంటుంది, సూది లాంటి మొలక అట్టనే కాదు, పలచటి ప్లాస్టిక్ షీటునూ పొడుచుకుని వస్తుంది. తుంగ ఉన్న జాగా తీసుకుంటే మొదటి ఏడు మల్చింగ్ కంటే ముందు, మండు వేసవిలో తవ్వి దుంపలను ఎండబెట్టే పనే ఎక్కువ ఫలితం ఇస్తుంది. దున్నకూడదన్న నియమాన్ని ఆ ఒక్క ఏడు పక్కన పెట్టొచ్చు.

పురుగులదీ అలాంటి కథే. మందు మానేసిన వెంటనే ప్రకృతి సమతుల్యం రాదు. ముందు పురుగు వస్తుంది, దాన్ని తినేది ఆ వెనకాల వస్తుంది. చిక్కుడు తీగకు పేనుబంక నల్లగా పట్టాక అక్షింతల పురుగులు చేరి గుడ్లు పెట్టి, వాటి పిల్లలు పేనును తిని తగ్గించేసరికి వారాలు గడుస్తాయి. ఈలోగా పూత పోతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, నల్లటి ఒంటిమీద నారింజ మచ్చలతో పొడుగ్గా పాకే అక్షింతల పురుగు పిల్లను చూసి ఇదే చీడ అనుకుని నలిపేసేవాళ్లు చాలామంది. కోతులకు ఇలాంటి లెక్కలేమీ లేవు. అవి మంద కట్టి వస్తే జామ, మామిడి, బొప్పాయి పిందె దశలోనే పోతాయి. పసుపు, అల్లం జోలికి రావు. ఖర్చు రాసుకునేటప్పుడు మొక్కల పద్దు కన్నా కంచె, వల పద్దు పెద్దదిగా ఉంటే కంగారు పడొద్దు, మనవైపు ఉండాల్సిన తీరే అది.

పని గురించి ఒక్క మాట. దుక్కి తగ్గుతుంది, మందు కొట్టే పని తగ్గుతుంది. కొమ్మలు కొట్టడం, చెత్త మోయడం, విత్తనం దాచడం, పిలకలు మార్చడం, కోసినదాన్ని ఎండబెట్టడం పెరుగుతాయి. ఐదు సెంట్లకు రోజూ ఒక గంట, జూన్, జూలైల్లో రెండు మూడు గంటలు పెట్టుకోగలరో లేదో చూసుకోండి. వారానికి ఒకరోజు వచ్చి పోయేవాళ్లు ఒక సెంటులో మడులు వేసి, మిగతాది చెట్లకు వదిలేయడం మేలు.

చెట్ల దగ్గరికి వస్తే మనకు ఉన్న అసలు షరతు తుఫాను. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. ఆరేళ్లలో మూడు, అన్నీ అక్టోబరు రెండో వారంలోనే. తిత్లీకి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లు మనలో ఎంతోమంది. చలికాలపు నారు నాటే సమయం కూడా సరిగ్గా అదే. ఎత్తు చెట్టు నుంచి నేలలోని దుంప దాకా ఏడంచెలుగా నాటే ఆహారవనం బొమ్మలో పైనుండే ఎత్తయిన అంచెను మనం కాస్త అనుమానంగానే చూడాలి. మునగను ఏటా కాపు అయ్యాక నాలుగడుగులకు నరికేయడం, గాలి వచ్చే వైపు వెదురు పెట్టడం, అరటికి ముందే ఊతకర్రలు కట్టడం, నారు రెండు విడతలుగా పోసుకోవడం లాంటివి చేసినా, పదేళ్లలో ఒకటి రెండుసార్లు తోట మళ్లీ మొదటికి వస్తుందని మనసులో ఉంచుకోవాలి. అరటి, బొప్పాయి ఏడాదిలో తిరిగి లేస్తాయి, పనస లేవదు.

కొండవాలు మీద జాగా ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి నీళ్లు ఆపమని ప్రతి వీడియోలోనూ చెబుతారు. మెల్లని వాలులో అది మంచి పనే. నిటారు వాలులో, పైన మెత్తటి మట్టి కింద రాయి ఉన్నచోట, కుండపోత వానకు నీరు అక్కడే ఆగి ఇంకితే మట్టి బరువెక్కి జారుతుంది. తిత్లీ వానలకు గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి మనుషులే పోయారు. అలాంటిచోట నీటిని ఆపే కందకం కన్నా, అదనపు నీరు పక్కకు సాఫీగా దిగిపోయే దారి ముఖ్యం. సవరల మెట్ల పొలాల్లో రాతి గట్టుతో పాటు నీరు పోయే తూము ఎక్కడ పెట్టారో ఒకసారి వెళ్లి చూస్తే వీడియో కన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఏళ్ల లెక్కన చూసుకుంటే మొదటి ఏడు ఆకుకూరలు, పాదులు, ఏడాది మునగ రకమైతే ఆరేడు నెలలకే కాయ. రెండో ఏడు బొప్పాయి, అరటి గెల, పసుపు, కంద. మూడు, నాలుగేళ్లకు అంటు మామిడి, నిమ్మ, జామ కొద్దికొద్దిగా. ఆరో ఏడు దాటాక చాలామంది ఒకచోట బెంబేలెత్తుతారు. చెట్ల నీడ కమ్ముకుని వంగ, టమాటా, బెండ కాపు పడిపోతుంది. తోట పాడవుతోందనుకుంటారు. కాదు, పండ్లూ దుంపలూ పెరిగి కూరగాయ తగ్గుతుంది, అంతే. ఆ నీడలో పసుపు, అల్లం, అనాస, కంద బాగానే వస్తాయి. వంగ తినాలనుంటే మాత్రం దక్షిణం వైపు ఒక సెంటు జాగాను ఏ చెట్టూ లేకుండా మొదటి రోజే కేటాయించి, ఎవరెంత మంచి అంటు ఉచితంగా ఇచ్చినా అక్కడ నాటకుండా ఉండాలి.

మే నెల కూరే లక్ష్యమైతే ఈ జూన్‌లో చేయాల్సింది ఎక్కువేమీ లేదు. ముందు కంచె, దాని పొడవునా గ్లైరిసిడియా. నీళ్లు నిలవని మెరక మీద రెండు మునగలు. పల్లంలో పెడితే కొమ్మ కుళ్లుతుంది. గిన్నెల నీళ్లు పారే చోట అరటి. కంద విత్తనపు ముక్కలు దొరికినన్ని. తీపి గుమ్మడి పాదులు నాలుగు. పనస విషయంలో అంటు కొంటే మూడు నాలుగేళ్లకు, గింజ పెడితే ఐదు నుంచి ఎనిమిదేళ్లకు కాపు వస్తుంది. గింజ చెట్టుకు తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక గాలికి కాస్త గట్టిగా నిలబడుతుంది. కుండీలో పెంచకుండా గింజను అది పెరగాల్సిన చోటే గుంటలో పెట్టాలి. చోటుంటే అంటు ఒకటి ఇంటి చాటున, గింజ ఒకటి గాలి తగిలే మూలన పెట్టుకోండి.